ఇంట ఇంటర్నెట్టు రేడియో: ఎట్టి పరికరము కొనవలెను?

పంచాయతీ కార్యాలయపు కప్పుపై మైకు బూర, లోపల గోడగూటిలో రేడియో పెట్టె, సందెవేళ అరుగుపై చేరిన జనము. ఈ దృశ్యము నేటి పంచాయతీ సభ్యులలో పెద్దవారికి జ్ఞాపకముండును. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. నిజాము కాలమునాటి దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1 నుండి ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమైనది. 1956లో పూనా ప్రాంతమున 150 గ్రామములందు రైతులు రేడియో వినుట, విన్నదానిని వెంటనే కూర్చుండి చర్చించుట అను ప్రయోగము జరిగినది. 1959 నుండి ఆ పద్ధతి దేశమున ఇతర ప్రాంతములకును వ్యాపించినది. ఆనాడు ఏ రేడియో మంచిది, ఏది కాదు అను చిక్కు గ్రామస్థులకు లేదు. ఊరికి వచ్చిన పెట్టె ఒక్కటే. బంట్రోతు మీట నొక్కిన పలికెడిది, నొక్కనినాడు లేదు.

నేటి స్థితి వేరు. గ్రామములకు మేము పోయినపుడు సభ్యులు తరచుగా ఇట్లు అడుగుచున్నారు: "మా ఊరికి ఫైబరు తీగ వచ్చినది. ఇంటింట సెల్‌ఫోను ఉన్నది. ఇంటర్నెట్టుపై రేడియో వినవచ్చునందురు. దానికి ఏ పెట్టె కొనమని జనులకు చెప్పవలెను?" హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగము చేయు కుమారుడు పండుగకు వచ్చుచు ఏదో ఒక పెట్టె తెచ్చి తల్లిదండ్రుల ఎదుట పెట్టి పోవుచున్నాడు. పది దినములు పలికి అది మూగపోవును. పిమ్మట దానిపై గుడ్డ కప్పి పటముల ప్రక్కన నుంచుదురు. అట్టి పెట్టెలను మేము చాల ఇండ్లలో చూచితిమి. అందుచే కొనుటకు ముందు విచారింపవలసిన విషయములను ఇచ్చట కొంత వివరముగ వ్రాయుచున్నాము.

వానకును కాలువకును గల భేదము

మామూలు రేడియో ప్రసారము వానవంటిది. కేంద్రమునుండి వెలువడిన తరంగము పరిధిలోని ఊళ్ళన్నింటిపైనను ఒక్కతీరుగ పడును. పదిమంది విన్నను పదివేలమంది విన్నను కేంద్రమునకు ఖర్చు ఒక్కటే. వినువానికి ఖర్చు లేదు. ఇంటర్నెట్టు రేడియో కాలువ నీటివంటిది. విను ప్రతి యింటికిని చెరువునుండి వేరుగ ఒక బోదె త్రవ్వినట్లు, కేంద్రపు కంప్యూటరు నుండి ప్రతి పరికరమునకును ధ్వని వేరుగ పారవలెను. మధ్యలో ఎచ్చట గట్టు తెగినను, అనగా టవరు చెడినను, ఫైబరు తీగ తెగినను, రీచార్జి గడువు తీరినను, నీరు రాదు. అయితే కాలువకొక గుణము కలదు. వాన తన మేఘమున్నచోటనే కురియును. కాలువను ఎంత దూరమైనను తీసికొని పోవచ్చును. విశాఖపట్టణ కేంద్రమును నిజామాబాదు జిల్లాలో వినుట, ప్రవాసాంధ్రులు పరదేశమున నడుపు తెలుగు రేడియోను కోనసీమలో వినుట ఇందుచేతనే సాధ్యమైనది. ప్రసారభారతివారి న్యూస్ ఆన్ ఎయిర్ అను ఆప్ ద్వారా ఆకాశవాణి వాహినులు రెండువందలకు పైగా వినవచ్చును; మన తెలుగు కేంద్రములును అందు కలవు.

నీటి లెక్క చూచుకొనక బోదె త్రవ్వరు గదా. ఈ లెక్కయు చూతము. రేడియో ధ్వని సామాన్యముగ సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున పారుననుకొన్నచో, గంటకు సుమారు 29 మెగాబైట్ల డేటా ఖర్చగును. దినమునకు నాలుగు గంటలు వినినచో 115 మెగాబైట్లు, నెలకు మూడున్నర గిగాబైట్లు. 128 కిలోబిట్ల ప్రసారమైనచో దీనికి రెట్టింపు. దినమునకు ఒకటిన్నర గిగాబైట్ల డేటా ఇచ్చు రీచార్జి ఉన్నవారు 64 కిలోబిట్ల ప్రసారమును ఇరువది నాలుగు గంటలు వినినను అందు సగమైనను ఖర్చు కాదు. కనుక "రేడియో వినిన డేటా అయిపోవును" అను భయము నిరాధారము. డేటాను మ్రింగునది బొమ్మ. పాట కొరకు వీడియోను తెరచి, ఫోనును బోర్లించి, పాట మాత్రము వినువారు చాలమంది కలరు. అట్లు వినుటకు రేడియోకంటె పదింతలకు పైగా ఖర్చు కావచ్చును.

మరియొక చిన్న సంగతి. ఇంటర్నెట్టు రేడియో కొన్ని సెకండ్లు మొదలు ఒక్కొక్కపుడు నిమిషము వరకు ఆలస్యముగ పలుకును. దానిని విని గడియారము సరిచేసికొనరాదు. క్రికెట్టు వ్యాఖ్యానము వినువారికి ప్రక్కయింటి టెలివిజను ముందటి కేకలు ముందుగనే వినబడి ఆట రుచి చెడును. దానికి మా వద్ద మందు లేదు.

ముందు వినువారెవరు?

పరికరమునుగూర్చి అడిగినవారిని మేము తిరిగి అడుగు మొదటి ప్రశ్న, "ఇంటిలో రేడియో వినునదెవరు?" అనునది. పడుచువారికి ఫోనే చాలును. వారికి సలహా చెప్పువారు అక్కరలేదు. రేడియో నిజముగ అవసరమైనవారు వేరు. చూపు తగ్గిన వృద్ధులు, చదువు రానివారు, మంచము పట్టినవారు, మగ్గము మీదనో వంట యింటనో చేతులు పనిలో నుండి చెవులు మాత్రము ఖాళీగ నున్నవారు. వీరికి లోకము వినికిడి ద్వారముననే ఇంటిలోనికి వచ్చుచుండెను. ఆకాశవాణి గత కొన్ని సంవత్సరములుగ షార్ట్ వేవ్, మీడియం వేవ్ ప్రసారములలో పలుటిని తగ్గించి ఎఫ్.ఎం. వైపు మొగ్గినది. ఎఫ్.ఎం. అందని ఊళ్ళలో వీరి పాత సెట్లు గురగుర మని ఊరకున్నవి.

ఒక గ్రామమున అట్టి వృద్ధుడొకరిని చూచితిమి. చూపు దాదాపు పోయినది. నలువది యేండ్లు మగ్గము నేసిన మనిషి. మగ్గము ప్రక్కన రేడియో మ్రోగుచుండెడిదట. ఆ సెట్టు పలుకుట మానిన పిదప మనుమడు తన ఫోనులో రేడియో పెట్టి ఇచ్చినాడు. వార్తలు సగములో నుండగనే ఎవరో ఫోను చేసిరి, రేడియో ఆగిపోయినది. మనుమడు మాటాడుచు వీధిలోనికి పోయినాడు. ఆయన గోడకానుకొని కూర్చుండి మాతో అన్నమాట ఇది: "పాటల కోసం కాదు బాబూ. వార్తలొస్తే పొద్దు ఎంతైందో తెలిసేది. ఇప్పుడు ఎవరో ఒకరిని అడగాలి." మరునాటినుండి ఆయన అడుగుట కూడ మానివేసినాడని కోడలు చెప్పినది.

ఇందు తప్పు ఫోనుది కాదు, మనుమనిది కాదు. ఒకరి చేతి వస్తువును ఇంకొకరి నిత్యావసరమునకు వాడుటయే తప్పు. రేడియో వినువారి కొరకు పెట్టిన పరికరము వారి మంచము ప్రక్కనే ఉండవలెను. ఇతరులు ఎత్తుకొని పోవునది కారాదు. తడిమి చూచి వారే నడుపుకొనగలిగినదై యుండవలెను. ఈ మూడును లేనిచో ఎంత వెలపెట్టి కొన్నను ఆ పెట్టె పటముల ప్రక్కకే పోవును.

కొనకముందు ఇంకొక పని చేయవలెను. పాత సెట్టు నిజముగ చెడినదో, చుట్టునున్న వస్తువుల వలన గురగురలాడుచున్నదో చూడవలెను. చవుక రకపు ఎల్.ఇ.డి. దీపములు, ఫోను చార్జర్లు, టెలివిజను పెట్టెలు మీడియం వేవ్ సెట్టులో రొద పుట్టించును. ఇంటి మెయిను మీట ఆపి, సెట్టులో క్రొత్త బ్యాటరీలు వేసి, పెరటిలోనికి తీసికొనిపోయి త్రిప్పి చూచినచో ఒక్కొక్కపుడు పాత గొంతు మరల వినవచ్చును. ఇంటిపై డి.డి. ఫ్రీ డిష్ గొడుగు ఉన్నవారికి ఇంకొక మార్గము కలదు: ఆ పెట్టెలోనే ఆకాశవాణి వాహినులు కొన్ని ఇంటర్నెట్టు లేకయే వినబడును. ఈ రెండింటితో పని జరిగిన ఇంటివారు ఇంతటితో చదువుట ఆపవచ్చును. వారికి ఖర్చు తప్పినది.

పాత ఫోను, మంచి స్పీకరు

అట్లు కానిచో, మేము చూచినంతలో చాలమందికి అనుకూలపడునది క్రొత్త పెట్టె కాదు. ఇంటిలో మూలపడియున్న పాత స్మార్ట్‌ఫోను ఒకటి, దానికి తగిలించు స్పీకరు ఒకటి. ఫోను తెర బీటలు వారినను ఫరవాలేదు. ఇంటిలో వైఫై ఉన్నచో దానిలో సిమ్ కార్డు కూడ అక్కరలేదు. అట్లయినచో ఫోను పిలుపులు వచ్చి రేడియోను ఆపుటయు ఉండదు. వైఫై లేనిచో దానికి వేరే సిమ్ వేసి, ఆ నంబరును ఎవరికిని ఈయకుండుట మంచిది. ఇట్లు చేయుటలో గల ముఖ్యమైన లాభము, వినికిడి యంత్రము, పలుకు యంత్రము వేరువేరుగ నుండుట. ఫోను చెడినచో ఫోనునే మార్తుము. స్పీకరు చెడినచో స్పీకరునే మార్తుము. ఎడ్లలో ఒకటి ముసలిదైనదని బండినే అమ్ముకొనము గదా.

పాత ఫోనులో మూడు సంగతులు చూడవలెను. రేడియో ఆప్ దానిలో ఎక్కునో లేదో మొదట చూడవలెను. మరీ పాత ఫోనులలో ఇప్పటి ఆప్‌లు పలు పనిచేయవు. రెండవది, తెర ఆరిన పిదపకూడ రేడియో ఆగకుండునట్లు చేయుట. బ్యాటరీ పొదుపు పేరిట ఫోను తనంతట తానే ఆప్‌ను ఆపివేయును. "అరగంటకొకసారి ఆగిపోవుచున్నది, నెట్టు బాగులేదు" అని వచ్చు ఫిర్యాదులలో చాలవాటికి కారణము నెట్టు కాదు, ఇదియే. ఫోను సెట్టింగులలో బ్యాటరీ అనుచోట ఆ ఆప్‌కు పొదుపు నిబంధన తొలగింపవలెను. మూడవది బ్యాటరీ. రాత్రింబగళ్ళు చార్జరుకు తగిలించి యుంచినచో లిథియము బ్యాటరీ కొంతకాలమునకు ఉబ్బును. ఫోను వెనుక మూత లేచినట్లు కనబడినను, తెర ఒకవైపు ఎత్తుకొనినను ఆ ఫోనును వెంటనే వాడుక మానవలెను. దానిని గ్రుచ్చుట, నొక్కి సరిచేయుట ప్రమాదకరము. పరుపుక్రింద, పొయ్యిప్రక్క, ఎండపడు కిటికీలో ఉంచరాదు. దినమునకు రెండుమారులు చార్జి చేసి తీగ తీసివేయుట మేలు.

స్పీకరు విషయమున దుకాణదారు చూపెడు ప్రదర్శనకు లొంగరాదు. అతడు సినిమాపాట పెట్టును, పెట్టె దడదడలాడును, మన గుండె కూడ దానితో అదరును, డబ్బు చేతికి వచ్చును. కాని ఇంటిలో వినబోవునది ఎక్కువభాగము మాట. వార్తలు, వ్యవసాయ సలహాలు, నాటికలు. దడ ఎక్కువైన పెట్టెలో మాట బావిలోనుండి వచ్చినట్లుండును. కనుక దుకాణములోనే వార్తలు పెట్టించి, పది అడుగుల దూరమున నిలిచి, ప్రతి మాట స్పష్టముగ అర్థమగుచున్నదో లేదో చూడవలెను. వీలైనచో ఆ పెట్టె వినబోవు పెద్దవారినే వెంట తీసికొనిపోవలెను. వారి చెవికి నచ్చినదే మంచి స్పీకరు. వెల ఎక్కువైనది కానక్కరలేదు.

బ్లూటూత్ స్పీకరా, తీగ స్పీకరా అనుచో, ఒకచోటనే ఉండు పెట్టెకు మేము తీగనే చెప్పుదుము. బ్లూటూత్ చాలవరకు పది మీటర్ల లోపున పనిచేయును; గోడ అడ్డమైన ఇంకను తగ్గును. విద్యుత్తు పోయివచ్చిన ప్రతిసారియు ఫోనును స్పీకరును మరల కలుపవలసి రావచ్చును. చూపులేని వృద్ధుడు అది చేయలేడు. ధ్వని లేనపుడు తనంతట తానే ఆరిపోవు స్పీకర్లును ఉన్నవి. పైగా ప్రక్కయింటి పిల్లవాడు తన ఫోనును దానికి కలిపి, పురాణ కాలక్షేపము మధ్య తన పాట మ్రోగించిన సంఘటన మేము కన్నులార చూచితిమి. తీగకు ఈ బాధలు లేవు. అయితే క్రొత్త ఫోనులలో పలుటికి ఇయర్‌ఫోను రంధ్రము లేదు; చార్జింగు రంధ్రమునకు తగిలించు చిన్న తీగముక్క వేరుగ కొనవలసియుండును. ఇల్లంతయు తిరుగుచు పని చేయు స్త్రీలకు మాత్రము బ్యాటరీ గల బ్లూటూత్ పెట్టెయే సౌకర్యము. పెట్టెపై ధ్వని హెచ్చించు తగ్గించు బొత్తాములు ఉబ్బెత్తుగ, వ్రేలికి తెలియునట్లు ఉన్నవానినే కొనవలెను.

మాట వినెడి పెట్టెలు, ప్రత్యేక రేడియో సెట్లు

నోటితో చెప్పిన పని చేయు స్మార్ట్ స్పీకర్లు ఇపుడు బహుమానములుగ గ్రామములకు వచ్చుచున్నవి. చూపు లేనివారికి ఇవి వరప్రసాదమని తోచును. కొందరి విషయమున నిజమే. కాని వానికి ఎడతెగని వైఫై కావలెను. పెక్కింటికి బ్యాటరీ ఉండదు గనుక విద్యుత్తు పోగానే ఆగిపోవును. అన్నిటికంటె ముఖ్యము భాష. వినబోవు అవ్వ తన సహజమైన తెలుగులో, తన ఊరి యాసలో, పెట్టెకు ఆజ్ఞ చెప్పి చూడవలెను. ఆమె పదిసార్లు చెప్పగా ఏడెనిమిది సార్లయినను గ్రహింపని పెట్టె ఆమెకు పనికిరాదు. "హిందీలో చెప్పమ్మా, వింటుంది" అని మనుమరాలు అనుట మేము విన్నాము. డెబ్బదియేండ్ల మనిషి పెట్టె కొరకు భాష మార్చుకొనుట ఎట్లు? ఇంకొకటి: ఇట్టి పెట్టె తన్ను పిలిచెడి మాట కొరకు ఎల్లవేళల చెవి ఒగ్గియుండును. ఇంటి వ్యవహారములు, భూమి తగవులు మాటాడుకొను గదిలో ఉంచువారు దానిపైనున్న మైకు ఆపుచేయు బొత్తామును ఉపయోగింప నేర్చుకొనవలెను.

ఇంటర్నెట్టు రేడియో కొరకే చేయబడిన సెట్లు వేరుగ కలవు. చూచుటకు పాత రేడియోవలెనే త్రిప్పెడి బిరడాతో ముచ్చటగ ఉండును. కంప్యూటరు అక్కరలేని ఇట్టి సెట్టును కెర్బాంగో అను అమెరికా సంస్థ 2000 సంవత్సరమున ప్రకటించినది. ఆ సంస్థను పెద్దమొత్తమునకు కొన్న త్రీకామ్ కంపెనీ 2001లో ఆ పనినే మూసివేసినది. అటుపిమ్మట చాల కంపెనీలు ఇట్టి సెట్లను చేసినవి. వీనిలో ఒక లోపమును సభ్యులు బాగుగ గ్రహింపవలెను. మామూలు రేడియో ఆకాశమునుండి నేరుగ తరంగమును పట్టును. దానిని అమ్మిన కంపెనీ దివాలాతీసినను అది పలుకుచునే యుండును. ఇంటర్నెట్టు సెట్టు అట్లు కాదు. ఏ కేంద్రము ఏ చిరునామాలో ఉన్నదను జాబితాను అది దూరమున ఎవరో నడుపు కంప్యూటరును అడిగి తెలిసికొనును. ఇంగ్లండులో పుట్టిన రెసీవా అను సంస్థ పెక్కు కంపెనీల సెట్లకు ఇట్టి జాబితాను అందించుచుండెను. 2021లో ఆ సేవ నిలిచిపోయినది. లోపల ఒక్క తీగయైనను తెగకయే, స్పీకరు చెడకయే, వేర్వేరు పేర్లతో అమ్మిన సెట్లు ఇండ్లలో ఒక్కసారిగ దారి తెలియనివైనవి. 2019లో వేరొక జాబితా సంస్థ మారినపుడు చాలమంది తాము దాచుకొన్న కేంద్రముల పేర్లను పోగొట్టుకొనిరి.

కావున ఇట్టి సెట్టు కొనువారు దుకాణదారుని అడుగవలసిన ప్రశ్నలు రంగు, రూపము, వాట్లు కావు. కేంద్రపు చిరునామాను మనమే వ్రాసి చేర్చుకొను వీలు కలదా? జాబితా సేవకు ఏటేట చందా ఉన్నదా? అది నిలిచిపోయిన నాడు ఈ పెట్టె బ్లూటూత్ స్పీకరుగనైనను, తీగ తగిలించు స్పీకరుగనైనను పనిచేయునా? దీనిలోనే ఎఫ్.ఎం. కూడ ఉన్నదా? కడపటి రెండింటికిని "లేదు" అని జవాబు వచ్చిన పెట్టెను ఎంత చవుకగ ఇచ్చినను తీసికొనరాదని మా అభిప్రాయము. మన ప్రాంతపు దుకాణములలో ఇవి అరుదు గనుక తెప్పించుకొన్నవారు మరమ్మతు ఎచ్చట అను ప్రశ్నకూడ వేసికొనవలెను. వెల చూచిన, అదే సొమ్ముతో మంచి స్పీకరును, దానికి పాత ఫోనును అమర్చుకొనవచ్చును.

సిగ్నలు, విద్యుత్తు

పరికరమును పరీక్షించుటకు మధ్యాహ్నము మంచి సమయము కాదు. పల్లె టవరుపై భారము హెచ్చునది రాత్రి ఏడు మొదలు తొమ్మిది గంటల వరకు. ఆ వేళ, పెట్టె ఉండబోవు చోటనే, గంటసేపు రేడియో పెట్టి ఎన్నిసార్లు ఆగినదో లెక్కింపవలెను. రెండుమూడుసార్లు మాత్రమే ఆగినచో ఫరవాలేదు. ఎక్కువైనచో ఫోనును కిటికీవైపు నాలుగడుగులు జరిపి చూడవలెను. పొరుగువారి సిమ్ ఏ కంపెనీదో అడిగి దానితో చూడవలెను. మట్టిగోడలకంటె కాంక్రీటు శ్లాబు సిగ్నలును ఎక్కువగ అడ్డగించును. వైఫై పెట్టె రెండు తరంగములపై పనిచేయునదైనచో, 2.4 గిగాహెర్ట్జ్ అనునది గోడలను దాటి ఎక్కువ దూరము పోవును. చవుక పరికరములలో చాలవరకు దానినే పట్టును.

విద్యుత్తు విషయమున ఒక పొరపాటు అందరును చేయుచున్నారు. బ్యాటరీ గల స్పీకరు కొని, కరెంటు పోయినను వినవచ్చునని సంతోషింతురు. కరెంటు పోగానే ఫైబరు పెట్టెయు, వైఫై పెట్టెయు ఆరిపోవును. స్పీకరులో ప్రాణమున్నను దానికి పాట తెచ్చువారు లేరు. ఈ పెట్టెలలో చాలవాటికి 12 వోల్టుల విద్యుత్తు కావలెను; అడాప్టరుపై ఆ సంఖ్య వ్రాసియుండును. దానికి సరిపడు చిన్న యు.పి.ఎస్. పెట్టెలు దుకాణములలో దొరకుచున్నవి. కోతలు ఎక్కువగల ఊళ్ళలో ఖరీదైన స్పీకరుకంటె ఇది ముందు కొనదగినది.

పంచాయతీ గది కొరకు

ఇంటింటికి పరికరము సాధ్యము కానిచోట పాతకాలపు సామూహిక శ్రవణము ఇంకను పనికివచ్చును. నలువది ఇండ్లవారు ఎవరికి వారు వినినచో నలువది బోదెలు. పంచాయతీ గదిలో ఒకచోట కూర్చుండి వినినచో ఒక్క బోదె. భారత్‌నెట్ ఫైబరు పంచాయతీకి చేరి పనిచేయుచున్నచోట ఆ ఒక్క బోదెకు ప్రత్యేకమైన ఖర్చు లేదు. ఒక ఫోను లేదా పాత కంప్యూటరు, దానికి తీగతో ఆంప్లిఫయరు, గది నాలుగు మూలలకు చిన్న స్పీకర్లు రెండు. ఇంతకు మించి అక్కరలేదు.

కప్పుపై బూర పెట్టుటకు ఉత్సాహపడు సభ్యులు ఒక నిబంధనను మరువరాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము లౌడు స్పీకరుకు అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు బయట మ్రోగింపరాదు. నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులకు మించిన ధ్వని తగదు. చదువుకొను పిల్లలును, జబ్బుపడినవారును ఊరిలో నుందురు. వినదలచినవారు గదికి వచ్చి వినుట ఉభయులకును క్షేమము.

కొన్న వస్తువును స్టాకు రిజిష్టరులో వ్రాసి, బిల్లును, గ్యారంటీ కార్డును కార్యాలయములోనే భద్రపరుపవలెను. ఆప్‌కు పెట్టిన ఖాతా, సంకేతపదము ఒక ఉద్యోగి సొంత ఫోనుపై నుండరాదు. అతడు బదిలీ అయిన దినమున రేడియో కూడ బదిలీ అగును. ఇది పరిహాసమునకు వ్రాయుట లేదు. ఒక పంచాయతీలో ఆరునెలలు పెట్టె మూగగ నుండుటకు కారణమిదియే. ఆప్ మొదటిసారి తెరచునపుడు అది ఫోనులోని పేర్లను, ఫోటోలను చూచుటకు అనుమతి అడిగినచో నిరాకరింపవలెను. పాట వినిపించుటకు అవి దానికి అక్కరలేదు.

మగ్గము నేసిన ఆ వృద్ధుని యింటికి తిరిగి పోయినపుడు ఒక పాత ఫోనును గోడగూటిలో నుంచి, తీగతో చిన్న స్పీకరుకు కలిపియుండుట చూచితిమి. ఫోను ఎప్పుడును ఆరదు, రేడియో ఎప్పుడును పాడుచునే యుండును. స్పీకరుకు మాత్రము చేతికి తగులు బిరడా ఒకటి కలదు. ఆయనకు తెలియవలసినది ఆ బిరడా ఒక్కటే. కుడికి త్రిప్పిన విజయవాడ, ఎడమకు త్రిప్పిన నిశ్శబ్దము. మధ్యాహ్నము రెండు గంటలసేపు ఫోనును చార్జి చేయు పని కోడలిది.

ఆ యింట పాత ట్రాన్సిస్టరును మాత్రము ఆటకెక్కించిరి. దానిని దింపించితిమి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడును, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళము జిల్లాను తాకినపుడును విద్యుత్తు స్తంభములు కూలినవి, ఫోను టవర్లు మూగవోయినవి. అట్టి వేళ కాలువ ఎండిపోవును. వాన మాత్రము ఎచ్చటనో దూరపు కేంద్రమునుండి పడుటకు వీలున్నది. మీడియం వేవ్ తరంగము రాత్రివేళ నూర్ల మైళ్ళు ప్రయాణించును. కోస్తా గ్రామములందు ప్రతి వీధికి ఒక్కటియైనను బ్యాటరీతో నడుచు ఎఫ్.ఎం., మీడియం వేవ్ సెట్టు పనిచేయు స్థితిలో నుండవలెను. దానిలో బ్యాటరీలను ఎల్లకాలము ఉంచరాదు. అవి కారి లోపలి రేకులను తినివేయును. విడిగ ఒక సంచిలో కట్టి సెట్టుకు వ్రేలాడగట్టవలెను. అక్టోబరుకు ముందు ఒకసారి వేసి, పలికించి, ఏ కేంద్రము ఎచ్చట పట్టినదో సుద్దతో వెనుక వ్రాసి, మరల తీసి ఉంచవలెను.